పాత కారు ఇంజన్: విప్పే ముందు, విప్పిన తరువాత
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ పెద్దలు నన్ను తెలిసిన పని గురించే మాట్లాడమన్నారు. నాకు తెలిసింది పాత కారు ఇంజన్లు విప్పడం, కడగడం, కొలవడం, మళ్లీ బిగించడం. ఇక్కడ కూర్చున్న చాలామంది ఇళ్లలో నాన్నగారి అంబాసిడరో, ప్రీమియర్ పద్మినో పట్టా కప్పుకొని నిలబడి ఉంది. తుక్కుకు ఇవ్వాలా, బాగు చేయించాలా, చేయిస్తే ఎంత ఖర్చు పెట్టాలి అన్నది తేలక ఏళ్లు గడుస్తున్నాయి. అది తేల్చుకోవడానికి పనికొచ్చే నాలుగు మాటలు చెప్తాను.

పాత కార్లు మన పాతబస్తీకి కొత్త కాదు. బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం చేయించిన కారు అది. ఆయన 1911లో కన్నుమూశారు, కారులో తిరిగే యోగం ఆయనకు లేకపోయింది. 1947 నాటికి ఆ కారు 356 మైళ్లే తిరిగిందని ప్రసిద్ధి. అంత తక్కువ తిరిగితే ఇంజన్ కొత్తదానిలాగే ఉంటుందని చాలామంది అనుకుంటారు. మా పనిలో అలా అనుకోం. నడిచిన ఇంజన్ అరుగుతుంది, నిలబడ్డ ఇంజన్ తుప్పు పడుతుంది. నూనె కిందికి జారిపోతుంది, సిలిండర్ గోడకు గాలిలోని తేమ పడుతుంది, రింగులు గాడిలో అతుక్కుంటాయి, నీళ్ల దారుల్లో చిలుం పేరుకుంటుంది. కాబట్టి మీటరు మీద అంకె చూసి ఇంజన్ ఎలా ఉందో చెప్పలేం. చూడాలి, కొలవాలి.

మొదటి మాట: విప్పే తొందర వద్దు. ఏళ్ల తరబడి నిలిచిన బండికి సెల్ఫ్ కొట్టకండి. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో కొంచెం నూనె పోసి, రెండు మూడు రోజులు వదిలేసి, తర్వాత చేత్తో తిప్పి చూడాలి. అతుక్కున్న రింగును మోటారు బలంతో లాగితే రింగు విరుగుతుంది, గోడ మీద గీత పడుతుంది.

బండి నడిచే స్థితిలో ఉంటే ఇంజన్ వేడయ్యాక కంప్రెషన్ చూడాలి. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కు గేజి పెట్టి సెల్ఫ్ కొట్టాలి. మూడు సిలిండర్లలో 120 చొప్పున వచ్చి, మూడో నంబరులో 80 వచ్చిందనుకుందాం. ఆ మూడో దాంట్లో ఒక చెంచా నూనె పోసి మళ్లీ చూడాలి. అంకె బాగా పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. నూనె సందుల్ని మూసింది కాబట్టి గాలి నిలిచింది. పెరగకపోతే తప్పు వాల్వుల్లోనో హెడ్ గ్యాస్కెట్‌లోనో ఉంది. అంబాసిడర్ పెట్రోల్ ఇంజన్‌లో 2, 3 సిలిండర్ల పొగ నడిమధ్య ఒకే దారిలో బయటికి పోతుంది. వేడి అక్కడే ఎక్కువ. అందుకే ఆ రెండింటి ఎగ్జాస్ట్ వాల్వుల మీద ముందు అనుమానపడాలి. ఈ ఒక్క చెంచా నూనె పరీక్ష చేయకుండా "ఫుల్ బోరింగ్ చేయాలి సాబ్" అన్నవాడి మాట నమ్మకండి. వాల్వ్ గ్రైండింగ్‌తో పోయే జబ్బుకు ఇంజన్ మొత్తం కోయించిన బళ్లు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి.

రెండో మాట: విప్పేటప్పుడు వరస తప్పొద్దు. ఏ పుష్ రాడ్ ఎక్కడిదో, ఏ ట్యాపెట్ ఎక్కడిదో అట్టముక్కకు చిల్లులు పొడిచి నంబర్లు వేసి గుచ్చాలి. బేరింగ్ క్యాపులు ఒకదానిది ఇంకోదానికి పనికిరావు, తిరగేసి బిగించినా పనికిరావు. కడగక ముందే మడ్డిని చూడండి. సంప్ అడుగున మెరిసే పొడి ఉంటే బేరింగ్ అరుగుతోంది. నూనె తెల్లటి మజ్జిగలా ఉంటే నీళ్లు కలిశాయి. ఈ సాక్ష్యాన్ని ముందే కిరోసిన్‌తో కడిగేస్తే తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు.

మూడో మాట: కడగడం. మడ్డిని చెక్క ముక్కతోనో, ప్లాస్టిక్ ముక్కతోనో గీకి, కిరోసిన్‌లో నానబెట్టి బ్రష్‌తో తోమాలి. పెట్రోల్‌తో కడగొద్దు. దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. కాస్టిక్ సోడా నీళ్లు పోత ఇనుముకు సరే, అల్యూమినియం పిస్టన్లను మాత్రం తినేస్తాయి. పేరు ఒకటే కదా అని రెండింటినీ ఒకే తొట్టిలో వేయకూడదు. బ్లాకు పక్కనున్న వెల్చ్ ప్లగ్గులు తీసి నీళ్ల దారిని శుభ్రం చేయాలి. మన ఊళ్లో ఏళ్ల తరబడి రేడియేటర్లలో బోరు నీళ్లు పోశాం. ఆ సున్నం, తుప్పు కలిసి బ్లాకు వెనక భాగంలో బురదలా గట్టిపడతాయి. ఎండాకాలం ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి వేడెక్కిందంటే రేడియేటర్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. నూనె దారుల చివరి మరలు తీసి, సన్నటి పొడుగు బ్రష్ తోసి, గాలి కొట్టాలి. పైన అద్దంలా మెరిసి, లోపల దారి మూసుకున్న ఇంజన్ వెయ్యి కిలోమీటర్లు కూడా నిలవదు.

వాడిన నూనె, కిరోసిన్ మోరీలో పోయకండి. అది చేరేది మూసీకే. డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకు ఇవ్వాలి.

నాలుగో మాట: పగుళ్లు. పెద్ద యంత్రాలు లేనప్పుడు మా ఉస్తాద్‌లు చేసే పరీక్ష ఒకటుంది. హెడ్‌కు కిరోసిన్ పూసి కాసేపు ఉంచి, పూర్తిగా తుడిచి, సుద్దపొడి చల్లుతారు. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ బయటికి ఊరి సుద్ద మీద నల్లటి గీత కనిపిస్తుంది. బడిలో నల్లబల్ల మీద రాసిన సుద్దముక్కే ఇక్కడా పనిచేస్తుంది.

ఐదో మాట, అన్నిటికంటే ముఖ్యమైనది: కొలవడం. అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ బోరు 73.025 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 88.9. బోరు పైన, మధ్యలో, కింద, మూడు చోట్ల, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవాలి. అరుగుదల అన్ని చోట్లా ఒకేలా ఉండదు. పై రింగు వచ్చి ఆగేచోట వేడి ఎక్కువ, నూనె తక్కువ, కాబట్టి అక్కడే ఎక్కువ అరుగుతుంది. మేం థౌలలో లెక్కిస్తాం. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మూడు థౌలు దాదాపు తలవెంట్రుక మందం. ఆ మాత్రం అరిగితే హోనింగ్ చేసి కొత్త రింగులు వేస్తే చాలు. ఏడెనిమిది థౌలు దాటితే బోరింగ్ తప్పదు. బోరింగ్ పది, ఇరవై, ముప్పై, నలభై థౌల మెట్లలో చేస్తారు. ఒక మెట్టు ఎక్కితే వెనక్కి రాలేం. కోసిన ఇనుము తిరిగి రాదు. ఆ తర్వాత మిగిలేది స్లీవ్ వేయించడమే. అందుకే అవసరం లేని బోరింగ్ అంటే డబ్బు దండగ మాత్రమే కాదు, ఆ ఇంజన్ ఆయుష్షులో ఒక వాటా కోసేయడం.

హోనింగ్ అయ్యాక బోరును కిరోసిన్‌తో తుడిచి వదిలేస్తే రాతిపొడి గీతల్లోనే ఉండిపోతుంది. వేడినీళ్లు, సబ్బు, బ్రష్ పెట్టి తోమాలి. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. వెంటనే నూనె పూయాలి, లేకపోతే గంటలోనే తుప్పు మొదలవుతుంది.

ఇప్పుడు చట్టం మాట. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన సొంత వాహనం అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకపోతే వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. మన బడి పుట్టిన ఏడాది కొన్న కారుకు ఇప్పుడు ఆ వయసు వచ్చింది. పాత బ్లాకు పారేసి వేరే కంపెనీ డీజిల్ ఇంజన్ దింపించే ముందు ఈ సంగతి ఆలోచించండి. ఎలాగూ అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్న అసలు బ్లాకులే మిగతావాటికి దిక్కు.

చివరగా గురువులకు ఒక మనవి. నేను రోజూ వాడే మైక్రోమీటర్ మీరు ఫిజిక్స్ ల్యాబ్‌లో మాకు చూపించిన స్క్రూగేజి. జీరో ఎర్రర్ చూడకుండా రీడింగ్ రాయొద్దని అప్పుడు మీరు పట్టుబట్టారు. ఆ పట్టుదలే నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టింది. కానీ ఇవాళ మా షెడ్డుకు పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఆ గీతలు చదవడం రాదు. కంటితో చూసి "అరిగింది" అంటారు. ఎంత అరిగిందంటే చెప్పలేరు. కొలత తెలిసిన మేస్త్రీలు వయసు మీద పడి తప్పుకుంటున్నారు. వాళ్లతోపాటు ఈ విద్య కూడా పోతుందేమోనని నా భయం.

అందుకని పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక ప్రతిపాదన. నా దగ్గర పనికిరాని అంబాసిడర్ ఇంజన్ ఒకటుంది. బడికి ఇస్తాను, స్టాండు కూడా చేయిస్తాను. సంఘం ఒక బోరు గేజి, రెండు మైక్రోమీటర్లు కొనిస్తే చాలు. నెలకు ఒక శనివారం నేనే వచ్చి పిల్లలతో విప్పిస్తాను, కడిగిస్తాను, కొలిపిస్తాను, బిగింపిస్తాను. అందరూ మెకానిక్కులు కానవసరం లేదు. ఏ పని చేసినా, కొలిచాకే మాట్లాడాలని వాళ్లకు తెలిస్తే చాలు.

 మీ ఇంట్లో పట్టా కింద కారు ఉంటే, సెల్ఫ్ కొట్టే ముందు ప్లగ్గులు తీసి నూనె పోయడం మరిచిపోకండి. సెలవు.