ఇంటిలో కనబడిన మచ్చ
(రేడియో ప్రసంగ పాఠము)

పరిశుద్ధ గ్రంథములో లేవీయకాండము 14వ అధ్యాయము, 33వ వచనము నుండి చివరి వరకు తీసి మీ ముందు ఉంచుకోండి. ఈ భాగము మీద ప్రసంగము విన్నవారు తక్కువ. ఇంటి గోడకు తెగులు పట్టితే ఏమి చేయాలో చెప్పే భాగము గనుక చాలామంది పేజీ తిప్పేస్తారు. సెమినరీలో పరీక్ష కోసం చదివి వదిలేసినవాడిని నేను కూడా. నా సొంత ఇల్లు అమ్ముకోవలసి వచ్చిన రోజున గాని ఇది నా కొరకు వ్రాయబడిందని నాకు తెలియలేదు.

కిందటి నెలలో ఒక సహోదరుడు రాత్రి పదిన్నరకు ఫోను చేశారు. డాలస్ పక్కన ఇల్లు అమ్మకానికి పెట్టారు. "అయ్యగారూ, మంచి ధరకు ఒప్పుకున్నారు. ఇన్‌స్పెక్షన్ చేయించారు. రిపోర్టు 52 పేజీలట. ఇప్పుడు 19 రిపేర్లు చేయించమని లిస్టు పంపారు. పన్నెండేళ్ళు కాపురమున్న ఇల్లండీ, ఏదో పాడుబడిన సత్రం అన్నట్టు రాశారు" అని ఒకటే బాధ. ఆయన గొంతులో కోపం నాకు కొత్త కాదు. నాలో నేను విన్నదే.

ఇండియాలో వింటున్నవారి కోసం ఈ పద్ధతి కొంచెం చెప్తాను. టెక్సాస్ రాష్ట్రములో ఇల్లు కొనేవారు ఒప్పందం మీద సంతకం చేశాక, కొద్దిపాటి రుసుము చెల్లించి కొన్ని రోజుల గడువు తీసుకుంటారు. దాన్ని ఆప్షన్ పీరియడ్ అంటారు. ఆ గడువు చివరి రోజు సాయంత్రం 5 గంటల లోపల ఏ కారణం చెప్పకుండానైనా వెనక్కు పోవచ్చు. ఆ రోజులలోనే రాష్ట్రపు లైసెన్సు ఉన్న ఇన్‌స్పెక్టరును పిలిచి కప్పు మొదలు పునాది వరకు చూపించుకుంటారు. అతడు ఒక్కొక్క అంశానికి ఎదురుగా గుర్తు పెడతాడు: చూశాను, చూడలేదు, ఈ ఇంట్లో అది లేదు, లోపమున్నది. లోపమున్నది అనే గడిలో గుర్తు చూడగానే మన గుండె జారిపోతుంది. కాని ఆ గుర్తుకు అర్థం ఇల్లు కూలిపోతుందని కాదు. ఇల్లు కట్టిన నాటి నిబంధనల ప్రకారం సరిగానే ఉన్నా, ఈనాటి కొలతకు తక్కువైతే లోపమనే రాయాలి. సింకు పక్కన ప్లగ్గుకు షాకు కొట్టకుండా ఆపే ఏర్పాటు లేదు, పడకగదిలో పొగను కనిపెట్టే అలారం లేదు, ఇలాంటివి పాత ఇళ్ళ రిపోర్టులలో వరుసగా ఉంటాయి. కాకిపిల్ల కాకికి ముద్దు. ఆ రిపోర్టు రాసినవాడు కాకి కాడు, అంతే.

ఇక నా సంగతి. 2018లో సంఘపు పని మీద వేరే ఊరికి మారవలసి వచ్చి మా ఇల్లు అమ్మకానికి పెట్టాము. అంతకు రెండేళ్ళ ముందు మేడ మీద బాత్రూము నుండి నీళ్ళు కారి, కింద భోజనాల గది సీలింగుకు అన్నం పళ్ళెమంత మచ్చ పడింది. నేనే ఏదో బిగించాను. కారడం ఆగినట్టు కనబడింది. ఇల్లు చూపించే ముందు ఆ మచ్చ మీద రెండు కోట్ల పెయింటు వేశాను. ఆ తరువాత సెల్లర్స్ డిస్‌క్లోజర్ నోటీసు నింపవలసి వచ్చింది. ఇంటి గురించి అమ్మేవాడికి తెలిసిన లోపాలను కొనేవాడికి రాసి ఇవ్వాలని టెక్సాస్ చట్టము. నీటి వలన ఇంటికి నష్టం జరిగినట్టు మీకు తెలుసునా అనే వరుస దగ్గర నా పెన్ను ఒక్క క్షణం ఆగింది. ఆగిపోయిందిగా, ఇప్పుడేమీ లేదుగా అనుకొని, లేదు అని రాశాను. ఆదివారం పది ఆజ్ఞల మీద మాట్లాడే చెయ్యే అది.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. చేతిలో తేమను కొలిచే చిన్న మీటరు. తెల్లగా మెరుస్తున్న సీలింగు మీద దాన్ని ఆనించాడు, లోపల తడి ఉన్నదని అది చెప్పింది. కొనేవారి లిస్టులో మొదటి అంశం అదే. మొత్తం 17 అంశాలు. నాకు వచ్చింది పశ్చాత్తాపం కాదు, కోపం. "మీటరు పెట్టి మరీ వెతకాలా?" అన్నాను. అప్పుడు మా ఏజెంటు ఒక మాట చెప్పాడు. మంచివాడే, వృత్తిలో అందరూ చెప్పే మాటే చెప్పాడు. "పాస్టరుగారూ, పూర్తి రిపోర్టు పంపమంటారా అని వాళ్ళు అడుగుతున్నారు. వద్దనండి. లిస్టుకు మాత్రం జవాబిద్దాం. రిపోర్టు మీ చేతికొస్తే అందులో ఉన్నదంతా మీకు తెలిసినట్టే. వీళ్ళు వెళ్ళిపోతే రేపు వచ్చేవాళ్ళకు అదంతా రాసివ్వాలి. చూడకపోతే మీకు తెలియదు, తెలియనిది రాయనక్కర లేదు."

శ్రోతలారా, ఈ మాట ఎంత తెలివిగా ఉన్నదో చూశారా? ఇందులో అబద్ధమాడమని ఎవరూ చెప్పలేదు. చూడవద్దని మాత్రమే చెప్పారు. నేను ఊఁ అనబోయాను. మా ఆవిడ పక్కనే పప్పు తిరగమోత పెడుతూ, ఇటు తిరగకుండానే, "ఏమండీ, ఆ మచ్చకు రంగు వేసింది మనమే కదా, మనకు తెలియకపోవడమేమిటి?" అన్నది. అంతే. ఆ పూట భోజనం సహించలేదు.

ఆ రాత్రి ఈ అధ్యాయము తీశాను. యాజకుడు ఇల్లిల్లూ తిరిగి మచ్చలు వెదకునని అక్కడ లేదు. ఇల్లు ఎవరిదో అతడే నడచివచ్చి యాజకునితో చెప్పవలెను. చెప్పేటప్పుడు కూడా ఇది ఫలానా తెగులని తేల్చి చెప్పే భారము అతనిమీద పెట్టబడలేదు. నా ఇంటిలో అటువంటిదేదో నాకు కనబడుచున్నది అంటే చాలును. తేల్చవలసినది యాజకుడు. నోటీసు నింపేవారు ఇది గమనించండి. పైపు పగిలిందా, కప్పు కారిందా అని మీరు నిర్ణయించనక్కర లేదు. ఫలానా సంవత్సరంలో ఫలానా గదిలో ఇంత మచ్చ చూశాము, ఇది చేశాము అని చూసింది చూసినట్టు రాయండి.

మరియొక సంగతి నన్ను కదిలించింది. యాజకుడు లోపలికి రాకముందే ఇంటిలోని సామానంతా బయట పెట్టించవలెను. ఎందుకు? ఇల్లు అపవిత్రమని తేలితే ఆ సామాను కూడా దానితో పోకుండునట్లు. పరీక్ష చేయించే దేవుడే ఆ కాపురము నష్టపోకుండా ముందుగా చూచుకొనుచున్నాడు! ఆ తరువాత ఏడు దినములు ఇల్లు మూసి, మరల చూచి, తెగులు వ్యాపిస్తే ఆ రాళ్ళు ఊడదీయించి, లోపలి గోడలు గీకించి, వేరే రాళ్ళు చేర్చి, అప్పుడు కొత్త అడుసు పూయించవలెను. పూత చివరికి వస్తుంది. ఊడదీయకుండా పూయమని ఎక్కడా లేదు. నేను పూతతో మొదలుపెట్టాను.

మరునాడు ఉదయం ఏజెంటుకు ఫోను చేసి పూర్తి రిపోర్టు తెప్పించమన్నాను. నోటీసు సరిదిద్ది, రెండేళ్ళ క్రితం చూసిన మచ్చ, నేను బిగించినది, వేసిన పెయింటు, అన్నీ రాసి సంతకం చేసి పంపాను. "వాళ్ళు పోతారేమో" అన్నాడు ఏజెంటు. పోవచ్చు. నాలుగు రోజుల గడువు ఇంకా మిగిలి ఉంది. ఆ నాలుగు రోజులు ఎలా గడిచాయో మా ఆవిడకు, నాకు తెలుసు. కొత్త ఊరిలో ఇంటికి మేమూ మాట ఇచ్చి ఉన్నాము.

లైసెన్సు ఉన్న ప్లంబరును పిలిస్తే సీలింగు కోసి చూశాడు. టబ్బు కింద నీళ్ళు పోయే గొట్టం అతుకు దగ్గర వదులై, వాడినప్పుడల్లా కాస్త కాస్త కారుతున్నది. పక్క చెక్కకు నల్లగా బూజు. అదంతా తీసి కొత్తది వేయించాము. నా బిగింపు ఆ అతుకు దరిదాపుల్లో కూడా లేదు.

అయితే లిస్టులో ఉన్న 17కూ నేను సరేననలేదు. ఇది కూడా చెప్పాలి. నిజం చెప్పడం వేరు, అడిగిందల్లా ఇవ్వడం వేరు. విశ్వాసులు కొందరు ఈ రెండూ కలిపేసుకొని, కాదనడమే పాపమన్నట్టు నలిగిపోతారు. కొనేవాడు బేరమాడతాడు. సామెతలు 20వ అధ్యాయము 14వ వచనము చదువుకోండి, సొలొమోను పేరిట ఉన్న ఆ గ్రంథములోనే ఆ బజారు తీరు ఉన్నది. నేను ఇలా చూసుకున్నాను: నీరు, నిప్పు, గ్యాసు, కరెంటు, కప్పు, పునాది. ఆ గదిలో నా కూతుర్ని పడుకోబెడతానా? పెట్టననుకున్నవి చేయించాను. కంచె చెక్క ఊగుతున్నది, ఏసీ పాతదే గాని చల్లగానే ఉన్నది, తలుపు కిర్రుమంటున్నది, వీటికి మర్యాదగా కాదన్నాను.

గోడకు తలుపు పైన ఏటవాలు పగులు ఒకటి రాశారు. డాలస్ నేల మన నల్లరేగడి లాంటిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బిగుసుకొని నెర్రెలిస్తుంది. మా ప్రకాశం జిల్లాలో ఎండాకాలం ఆ నెర్రెల్లో కాలు దిగబడేది. ఇక్కడ ఎండాకాలంలో పునాది చుట్టూ చిల్లుల గొట్టం పరచి నీళ్ళు పెడతారంటే మన రైతులు నవ్వుతారు. దానికి ఇంజనీరును పిలిచి కొలిపించి, అతను రాసిన కాగితం జత చేశాను. మాటతో వాదించేకన్న ఆ కాగితం మేలు.

చేయించడమా, డబ్బు తగ్గించడమా అని చాలామంది అడుగుతారు. కొనేవారు తమకు నచ్చినవాడితో చేయించుకుంటామంటే డబ్బు ఇవ్వడమే సుఖం. ముగింపు ఖర్చులకు ఇచ్చేట్లయితే అప్పిచ్చే సంస్థ పరిమితి చూసుకోవాలి. సొంత నివాసానికి తీసుకునే మామూలు రుణంలో ముందు చెల్లింపు 10 శాతం లోపైతే ధరలో 3 శాతం, ఎఫ్.హెచ్.ఏ. రుణంలో 6 శాతం దాటకూడదు. చేయిస్తామని మాట ఇస్తే ఒప్పందంలో రాసుకోండి. ముగింపు తేదీకి ముందే పూర్తి చేయాలి, లైసెన్సు అవసరమైన పనికి లైసెన్సు ఉన్నవాడే చేయాలి. చవకగా అవుతుందని బావమరిది చేత కరెంటు పని చేయించకండి.

మన తెలుగు సంఘాలలో ఇంకొకటి చూస్తున్నాను. "మనవాళ్ళే కదా, ఇన్‌స్పెక్షన్ ఎందుకు?" అని ఒక విశ్వాసి ఇల్లు ఇంకొక విశ్వాసి కొంటారు. మొదటి వానకు కప్పు కారుతుంది. ఇద్దరిలో ఒకరు ఆరాధనకు రావడం మానేస్తారు. మనవాళ్ళైతే మరీ చేయించండి. ఇండియాలో వింటున్నవారు ఇది అమెరికా సంగతి అనుకోవద్దు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు శ్రద్ధతో అతడు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని చెప్పాలని అంటుంది. వేసవిలో ఎండిపోయే బోరు, వానాకాలంలో నీరు నిలిచే వీధి ఎవరికి తెలుసు?

మా ఇల్లు కొన్నది ఒక యౌవన దంపతులు. వెళ్ళిపోలేదు. ప్లంబరు బిల్లు, బూజు తీసినవారి రసీదు, ఇంజనీరు కాగితం ఒక ఫోల్డరులో పెట్టి వంటగది గట్టు మీద ఉంచాము. సగం మిగిలిన పెయింటు డబ్బా కూడా పక్కన పెట్టి, ఏ గదికి వేసిందో మూత మీద రాశాను.

ఇదంతా ఆ రాత్రి సహోదరునికి ఫోనులో చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, ప్రార్థన చేయమని పెట్టేశారు. మూడు రోజులకు మళ్ళీ చేశారు. పూర్తి రిపోర్టు తెప్పించుకున్నారట. "చదువుతున్నానయ్యగారూ, 31వ పేజీలో ఉన్నాను. అటక మీద ఒక వైరు సంగతి రాశాడు. అది నాకు తెలుసండి" అన్నారు.