ముప్ఫై తొమ్మిది అంకెల సంఖ్య

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే ముందు మాట్లాడినవారు చెప్పారు కనుక, కార్యదర్శిగారి అనుమతితో నేను లెక్కల గురించి పది నిమిషాలు మాట్లాడతాను.

నేను రిటైరయినప్పుడు నా బకాయిల స్టేట్‌మెంటులో పేజీల మొత్తాలకూ చివరి మొత్తానికీ పొంతన కుదరలేదు. అంకెలన్నీ కూడి తొమ్మిదులు తీసేసి సరిచూసే పద్ధతి మనందరికీ తెలిసిందే. అర నిమిషంలో తేలిపోయింది. వెళ్లి చెబితే "ఏ పేజీలో తప్పో చూపించండి" అన్నారు. రిజిస్టరు వారి బీరువాలో ఉంది, నేనెలా చూపించను? ఎనిమిది నెలలు తిరిగాను.

ఆ రోజుల్లోనే మా అబ్బాయి తెచ్చిన పుస్తకంలో లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడి సంగతి చదివాను. రెండును రెండుతో హెచ్చించుకుంటూ పోయి, ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్యల్లో కొన్ని ప్రధాన సంఖ్యలు. 1644లో మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి 67వ ఘాతానికీ, 127వ ఘాతానికీ అలా వస్తుందని రాశాడు. 1876లో లూకా చేత్తో లెక్కకట్టి 127 నిజమే, 67 తప్పు అన్నాడు. 127వది 39 అంకెల సంఖ్య:

170141183460469231731687303715884105727

1951 దాకా, అంటే 75 ఏళ్లు, ఇంతకంటే పెద్ద ప్రధాన సంఖ్య ఎవరికీ దొరకలేదు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ 67. అది ప్రధాన సంఖ్య కాదని లూకా రుజువు చేశాడు, కానీ దేనితో భాగించబడుతుందో చెప్పలేకపోయాడు. నా స్టేట్‌మెంటు లాగే! 1903లో న్యూయార్కులో కోల్ అనే ఆచార్యుడు బోర్డు దగ్గరికెళ్లి, నోరు విప్పకుండా 193707721ని 761838257287తో గుణించి చూపించి కూర్చున్నాడని చెబుతారు. మూడేళ్ల ఆదివారాలు పట్టాయట. తొమ్మిదులు తీసి చూశాను. రెండింటికీ శేషం ఒకటే, లబ్ధానికీ ఒకటే.

లూకా పద్ధతిని తర్వాత లేమర్ సులువు చేశాడు. 31 తీసుకోండి, అది రెండు అయిదో ఘాతంలో ఒకటి తక్కువ. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి రెండు తీసేయాలి: 14. మళ్లీ చేస్తే 194. 31తో భాగిస్తే శేషం 8. మళ్లీ చేస్తే 62, శేషం సున్న. ఘాతంకంటే రెండు తక్కువసార్లు చేశాక సున్న వస్తే ప్రధాన సంఖ్యే. 2024 అక్టోబరులో ప్రకటించిన 4,10,24,320 అంకెల సంఖ్యను కూడా చివరికి ఈ పరీక్షతోనే ఖాయం చేశారు, కంప్యూటర్ల మీద.

తొమ్మిదో నెలలో కొత్తగా చేరిన ఒక కుర్రాడు రిజిస్టరు తీశాడు. మూడో పేజీ మొత్తం ఎత్తి రాసేటప్పుడు 7 బదులు 1 పడింది. చిన్నవాడయినా చేతులెత్తి నమస్కరించాను.

ఇంటికెళ్లి 127తో ఇదే లెక్క చేసి చూడండి. అయిదుసార్లు చేయాలి. మూడోసారి శేషం 42 వస్తే దారిలో ఉన్నట్టే. అవతల కాఫీ చల్లారిపోతోంది, సెలవు.