నల్లపట్టణమున గాజుల లక్ష్మీనరసుశెట్టి



చెన్నపురి హైకోర్టునకు ఉత్తరముగా ఇరుకు వీథులతో నిండిన పేటను జార్జిటౌను అందురు. 1911లో ఐదవ జార్జి చక్రవర్తి పేర పెట్టిన నామమది. పూర్వము దానిని నల్లపట్టణమనెడివారు. 1639లో కుంఫిణీవారు దామెర్ల వేంకటాద్రినాయకునివలన స్థలము పొంది కోట కట్టగా, కోట వెలుపల మనవారు కాపురముండిన చోటది. తొలినాటి దుబాసీలలో బేరి తిమ్మన్న ముఖ్యుడు. నాటి చెన్నకేశవస్వామి గుడి నేడు హైకోర్టున్న తావున నుండెడిది. 1757లో కుంఫిణీవారు దానిని పడగొట్టిరి. మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనికచే అది ఉత్తరపు పేటలో మరల లేచినది.

ఆ వీథులలో తిరుగునపుడెల్ల నాకు లక్ష్మీనరసుశెట్టియే మనసున మెదలును. పట్టణపు వర్తకునితో పల్లెవారికేమి పని యని మీరడుగవచ్చును. వినుడు.

ఆయన 1806లో జన్మించెను. తండ్రి నీలిమందు వర్తకుడు. కుమారుడును వ్యాపారమున గడించినవాడే. 1844లో ఆయన ‘క్రెసెంటు’ అను ఇంగ్లీషు పత్రికను నెలకొల్పెను. 1852లో చెన్నపురి స్వదేశీయుల సంఘమును స్థాపించెను. కుంఫిణీ పట్టా మరుసటి యేట మార్పునకు రానుండగా, ఆ సంఘము ప్రజల కష్టములను వ్రాసి పార్లమెంటునకు వినతిపత్రము పంపెను.

అందు శిస్తు వసూలు సంగతి కలదు. బాకీపడిన రైతును ఎండలో నిలువబెట్టుట, వ్రేళ్లను కర్రల నడుమ నుంచి నొక్కుట, తలను కాలివ్రేళ్లదాక వంచి త్రాట బిగించుట ఆనాడు కచేరీ బంట్రోతులకు నిత్యకృత్యములు. మన తాతముత్తాతలు ఎరిగిన మాటయే ఇది. దొరలుమాత్రము ఎరుగమనిరి.

1853లో డాన్బీ సీమరు అను పార్లమెంటు సభ్యుడు చెన్నపురికి వచ్చెను. శెట్టిగారు కాగితములు చూపి ఊరకుండక, ఆయనను వెంటబెట్టుకొని దక్షిణపు జిల్లాలు త్రిప్పి, బాధితులను ఎదుట నిలిపెను. కన్నులార చూచిన దొరమాటకు బలమెక్కువ గదా! 1854లో పార్లమెంటున ప్రస్తావన జరిగెను. వెంటనే విచారణసంఘమేర్పడెను. 1855లో దాని నివేదిక వెలువడి, హింస నిజమేయని యొప్పుకొనెను. తప్పంతయు క్రిందియుద్యోగులదేయనియు, పైదొరలకు అందు పాలు లేదనియు అది వ్రాసినది. శిస్తు మొత్తమును ఇంతయని విధించినదెవరో యోచించిన, ఆ మాట నాకు రుచింపదు.

1863లో శెట్టిగారు చెన్నపురి శాసనసభలో సభ్యులైరి. పత్రికకును సంఘమునకును చెల్లిన వ్యయము ఆయన సొంత సొమ్మే. నడుమ వర్తకమును చెడినది. 1868లో కాలధర్మము నొందునాటికి నల్లపట్టణపు ఆ శ్రీమంతుడు బీదవాడై యుండెను.