చివరిదాకా విందాం



ఈనాడు మనం ఒక ఇంగ్లీషు రాక్ పాట విందాం. ఇంగ్లండులోని క్వీన్ బృందం 1975లో విడుదల చేసిన ఈ పాట పేరు ‘బొహీమియన్ రాప్సొడి’. దీన్ని రచించి పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ జాంజిబారులో పుట్టిన పారసీ. చదువుకున్నది మహారాష్ట్రలోని పంచగనిలో. పాట నిడివి దాదాపు ఆరు నిమిషాలు. ఇంత పొడవైన పాటను రేడియోలో ఎవరు వేస్తారని అప్పుడు కొందరు సందేహించారు. అయినా బ్రిటన్‌లో అది తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

మొదట వాద్యాలు లేకుండా గొంతులే వినిపిస్తాయి. తరువాత పియానో వస్తుంది. నడుమ నాటకంలో వలె వాదులాట, ఆపై గిటారు హోరు, చివరకు మళ్ళీ నెమ్మది. మొదట్లోనే ఆపేసినవారు గిటారు వినరు. గిటారు దగ్గర వచ్చినవారు ‘ఇదేం గోల!’ అంటారు. ఇద్దరూ పాట విననట్లే.

విన్న తరువాత ‘బాగుంది’, ‘బాగులేదు’ అని ఊరుకోకండి. ఎక్కడ ఉలిక్కిపడ్డారో, ఎక్కడ విసుగు పుట్టిందో తెలుగులో చెప్పండి. మీకు నచ్చనిది తోటివారికి నచ్చితే నవ్వకండి.

ఇంటికి వెళ్ళి తాతయ్యకు, అమ్మమ్మకు కూడ ఈ పాట వినిపించండి. వారికిష్టమైన తెలుగు పాటను మీరూ చివరిదాకా వినండి. వారి పాటను మీరు మధ్యలో ఆపితే, మీ పాటను వారెందుకు వింటారు?