పందెము గవ్వలది, ఎత్తు మనది

జూబ్లీ హిల్స్ చిత్రసీమకు శకుని పాచికలు కొత్తవి కావు; అచట పందెమును పడవేయునది రచయిత లేఖిని. మన యింటి గవ్వలకు అట్టి యజమాని లేడు.

వైకుంఠపాళిలో పందెమే సర్వము; పామునోట పడకుండ నేర్పు చూపుట కవకాశము లేదు. పచ్చీసునందు పందెము గవ్వలది, కాయ నెంచుట మనది. 1961లో అమెరికాలో వెలువడిన స్ట్రాట్-ఓ-మాటిక్ బేస్‌బాల్ ఆటయు నిట్టిదే: బంతి విసరువాని నెంచుట ఆడువాని పని, తరువాతిది పాచికల పని.

గవ్వ యిరువైపుల సమముగా పడుననుకొందము (నిజపుగవ్వ యంత నిష్పక్షపాతి కాదు). ఆరు గవ్వలు పడు విధములు 64. అందు మూడు వెల్లకిల పడునవి 20; ఆరును వెల్లకిల పడునది ఒక్కటి. కనుక శత్రువునకు మూడుగడుల ముందు నిలిచిన కాయ మిక్కిలి అపాయమున నున్నది. దానిని తప్పింతుమా, పండబోవు కాయను నడుపుదుమా? నేను దానినే తప్పింతును. ఆ జాగ్రత్త 64లో 44 మార్లు వ్యర్థమగును. ఐనను చచ్చిన కాయ మొదటినుండి తిరుగవలసియుండగా, 20ని చిన్నసంఖ్య యనజాలను. పండబోవు కాయ ఒక పందెము ఓపిక పట్టగలదు.