మరల మరల వచ్చు తుంటినరపు నొప్పి

నడుమున పుట్టి పిరుదు మీదుగా పిక్క వరకు ప్రాకు ఈ బాధను ఆయుర్వేదము గృధ్రసి యన్నది. నేటి వైద్యులు సయాటికా అందురు. వెన్నుపూసల నడుమనుండు బిళ్ళ వెలికి జరిగి నరపు మూలమును ఒత్తుటయే తరచు దీనికి కారణము. ఈ సంగతిని 1934లో మిక్స్టర్, బార్ అను అమెరికా శస్త్రవైద్యులు వెల్లడించిరి.

ఒకప్పుడు వారముల తరబడి మంచము పట్టియుండుటయే చికిత్స. నేడు ఆ మాట చెల్లదు. ఓర్వగలిగినంత నడక, ఫిజియోథెరపీ నిపుణుని వద్ద నేర్చిన కసరత్తులు మేలు. పెక్కుమందికి కొన్ని వారములలో బాధ తగ్గును. చిక్కంతయు అటుపిమ్మటనే: నొప్పి పోగానే కసరత్తు మానుదుము, మానగా అది మరల తలుపు తట్టును. కావున సుఖముగా నున్న దినములలోనే సాధన విడువరాదు.

అయితే పాదము వ్రేలాడినను, మలమూత్రములపై పట్టు తప్పినను, తొడల నడుమ స్పర్శ తెలియకున్నను కసరత్తుకు తావు లేదు. తత్‌క్షణమే ఆసుపత్రికి పోవలెను.