తెరపై బొమ్మ, కనబడవలసిన మాట

మాటనే నమ్ముకొని బ్రతుకు రేడియోవారము మేము. బొమ్మలను గూర్చి మేము ముచ్చటించుట వింతగా తోచవచ్చును. కాని నేడు బడిలోనేమి, కార్యాలయములోనేమి, ప్రసంగమన్నంతనే తెరపై పవర్‌పాయింట్ స్లైడులు వెలుగుచున్నవి. ఈ సాధనము 1987లో మాకింటాష్ కంప్యూటర్లకై వెలువడినది. ఆ యేటనే మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని కొన్నది.

దీనితో బొమ్మ చేయుటకు చిత్రకారులు కానక్కరలేదు. సూర్యగ్రహణమును చూపదలచితిమనుకొందము. ఒక స్లైడుపై పసుపుపచ్చని వృత్తమును, దానికి దూరముగా అంతే పరిమాణముగల నల్లని వృత్తమును గీయవలెను. ఆ స్లైడునకు నకలు తీసి, నకలులో నల్లని వృత్తమును పసుపు వృత్తముపైకి జరుపవలెను. ఆ నకలునకు ‘మార్ఫ్’ అను పరివర్తనము నెన్నుకొన్నచో చంద్రుడు తానే నడచివచ్చి సూర్యుని గప్పును. పాఠము కంటికి కట్టును.

అయితే కంటికి కట్టవలసినది విషయము, ఆడంబరము కాదు. 2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక పైకెగయునపుడు ఇంధనపు తొట్టినుండి ఊడిన ఫోముముక్క ఎడమరెక్కకు తగిలినది. నౌక ఆకాశమున నుండగా ఇంజనీర్లు చూపిన యొక స్లైడులో శీర్షిక ధైర్యము చెప్పినది; ఆ ముక్క పరీక్షలలో వాడినదానికన్న నెన్నో రెట్లు పెద్దదను మాట అట్టడుగు పంక్తులలో నణగిపోయినది. ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో కూడ ఏడుగురు అసువులు బాసిరి. సాంకేతిక పత్రములకు బదులు స్లైడులను వాడు అలవాటును దర్యాప్తుసంఘము ఆ యేడే తప్పుపట్టినది.

కావున ఎగిరివచ్చు అక్షరములను, గిరగిర తిరుగు బొమ్మలను పెట్టుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొందము: ఈ కదలికను తీసివేసినచో అర్థము కొరవడునా? కొరవడనిచో తీసివేయుటయే మేలు. ముఖ్యమైన మాట పైన, పెద్ద అక్షరములలో నిలువవలెను. మైకు ముందు కూర్చొనుటకు పూర్వము మేమును మా వ్రాతప్రతిపై ఇట్లే కలము నడపుదుము.